ఎస్తేరమ్మ బండ మీద గీత

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. మా ఇంట్లో నమ్మే పనంతా మా ఆయన ఓబులేసు చూసుకునేవాడు. బల్లి పలికినా, పిల్లి తుమ్మినా, మిట్టమధ్యాహ్నం రోడ్డు మీద సుడిగాలి లేచినా ఆయనకు అందులో ఎవరో ఒకరు కనబడేవాళ్ళు. ఎక్కువగా మా అత్తగారి పుట్టింటివాళ్ళే. బతికినన్నాళ్ళు మనతో పడింది చాలక చచ్చినాక కూడా మన గడపకెందుకొస్తారయ్యా అని నేను నవ్వేదాన్ని.

ఇప్పుడు చెప్పబోయేది జరిగినాక కూడా నేను పెద్దగా మారలేదు. తాయెత్తులు కట్టుకోలేదు, నిమ్మకాయలు వేలాడదీయలేదు. కాకపోతే ఈ ఒక్క సంగతికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. జరిగింది జరిగినట్టు చెప్తాను.

మైదుకూరు దాటినాక కర్నూలు రోడ్డు మీద మా ఊరు. యుద్ధం నడుస్తున్న రోజులు. యుద్ధమంటే మాకు బాంబులు కాదు, మనిషికి ఇన్ని గజాలని కొలిచిచ్చే బట్ట కంట్రోలు. నూలు దొరక్క మా నేతోళ్ళ మగ్గాలు సగం మూలబడ్డాయి. అది చాలదన్నట్టు మా ఆయనకు కంటిచూపు మందగించింది. పోగు తెగితే కనబడదు, అతకడం చేతకాదు. మగ్గం గుంతలో దిగడం మానుకున్నాడు. దయ్యాలు మాత్రం ఎంత దూరాన ఉన్నా బాగానే కనబడేవి. ఇల్లు గడవాలంటే ఇక నా కుట్టుపనే దిక్కు.

ఆ కుట్టు నాకు నేర్పింది ఎస్తేరమ్మ.

ఎస్తేరమ్మ కిరస్తానం మనిషి. చిన్నతనంలో కరువొచ్చి తల్లీ తండ్రీ ఇద్దరూ పోతే చర్చి దొరసానులు తీసుకుపోయి పెంచి, కుట్టు నేర్పారు. పెళ్ళయిన కొత్తలోనే మొగుడు పోయాడు. పిల్లల్లేరు. చేత్తో తిప్పే కుట్టుమిషను ఒకటి ఎద్దులబండిలో పెట్టుకుని మా ఊరికొచ్చి, చర్చి వెనకాల కొట్టంలో దిగింది. అంతవరకు మా ఊరి ఆడవాళ్ళు ముందర ముడివేసుకునే రవికలే తొడిగేవాళ్ళు. గుండీల రవిక తెచ్చింది ఆమే. ముసలమ్మలు మొదట అది దొరసానుల వేషమని మూతులు తిప్పారు. ఆ తర్వాత తిప్పిన మూతులతోనే ఒక్కొక్కరూ గుడ్డ పట్టుకొచ్చారు.

కోమటివీధి సెట్టెమ్మగారింట్లో అయితే ఎస్తేరమ్మను అరుగు దాటనిచ్చేవాళ్ళు కాదు. ఆమె కుట్టిన రవికను కూడా పసుపునీళ్ళు చల్లిగానీ లోపలికి తీసుకుపోరు. మంచి రంగు గుడ్డకు పసుపు మచ్చ పడుతుందే అని దిగులుపడేది తప్ప, ఎస్తేరమ్మ ఆ విషయంలో ఇంకేమీ అనుకున్నట్టు నేను చూడలేదు.

మిషను తిప్పుతూ కీర్తనలు పాడేది. నేరుగా పోయే కుట్టుకు దడదడా పాడేది. చంక దగ్గర వంపు వస్తే పాట నిదానించేది. రవిక ఎంతవరకు వచ్చిందో వీధిలో పోయేవాళ్ళకు పాటను బట్టి తెలిసిపోయేది. మధ్యమధ్యలో ముక్కుపొడి పీల్చేది. కరువులో పెరిగినందుకేమో, ఎవరైనా ఒళ్ళు చేస్తే ఆమెకు ఎక్కడలేని సంతోషం. వచ్చిన మనిషిని కింది నుంచి మీదికి చూసి, “బాగుండావు తల్లీ, బాగుండావు” అనేది.

ఇక్కడ మా ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. రవిక కుట్టించాలంటే కొలత కోసం పాత రవిక ఇస్తాం కదా, దాన్ని ఆది అంటాం. మిగతా ఊళ్ళలో ఆది అంటే మొన్న మొన్న తొడిగి వదిలింది. మా ఊళ్ళో అట్లా కాదు. ఆది అంటే పెళ్ళినాటి రవిక. తొడిగితే చినిగిపోతుంది, చినిగితే కొలత పోతుంది, అందుకని పెళ్ళి కాగానే పెట్టెలో దాస్తారు. బతికినన్నాళ్ళు అదే ఆది. మార్చితే అచ్చిరాదని ఒక భయం. పిల్లల్ని కని, వాళ్ళకు పెళ్ళిళ్ళు చేసి, మనవల్ని ఎత్తుకున్నవాళ్ళు కూడా పెళ్ళికూతురి నాటి ఆది తెచ్చి ఎస్తేరమ్మ ముందు పెట్టేవాళ్ళు. ఆమె కుట్టిచ్చిన రవిక చక్కగా సరిపోయేది. అందుకని మా ఊరి ఆడవాళ్ళందరూ తాము పెళ్ళినాటి కొలతలోనే ఉన్నామని గట్టిగా నమ్మేవాళ్ళు.

ఎస్తేరమ్మకు టేపు లేదు. నున్నటి నల్ల నాపరాతి బండ ఒకటి ఉండేది. దాని అంచున వరసగా గాట్లు కొట్టించుకుంది. గుడ్డ ఆ బండ మీద పరిచి, ఆది పైన పెట్టి, గాట్లు చూసుకుంటూ సుద్దతో గీత గీసేది. సుద్ద అరుగుతుందని గీతను విడివిడిగా, తునకలు తునకలుగా గీసేది. నేను సాగదీసి గీస్తే మొట్టేది. కత్తెర మాత్రం నన్ను ముట్టనిచ్చేది కాదు. “కత్తెర నాది, కుట్టు నీది” అని నాకు వీపు తిప్పి కత్తిరించేది. ఏం చేసేదో నాకు ఎన్నడూ కనబడలేదు.

ఒకరోజు పొద్దున మిషను మీద తల ఆనించుకుని, నిద్రపోయినట్టే పోయింది. తను పోతే మిషను, కత్తెర నాకే అని చర్చి అయ్యగారికి ముందే చెప్పి ఉంచింది.

సమాధుల తోటలో పూడ్చారు. తోట అనడమే గానీ అందులో రెండు తుమ్మచెట్లు, నాగజెముడు తప్ప పచ్చనిది ఏమీ లేదు. సమాధి మీద రాయి వేయించడానికి ఆమెకంటూ ఎవరూ లేరు. అందరం దిక్కులు చూస్తుంటే మా ఆయనకు దుఃఖం ఆగక, “ఆయమ్మ బండ ఆయమ్మ మీదే ఏద్దామప్పా” అన్నాడు. ఎంత మంచి మాట అన్నావయ్యా అని ఆడవాళ్ళందరూ ముక్కులు చీదారు. నేనూ చీదాను. నలుగురు మగవాళ్ళు బండను మోసుకుపోయి పరిచారు. అయ్యగారు దాని మీద శిలువ, పేరు చెక్కించారు.

మర్నాడు గుడ్డ ముందేసుకుని కత్తెర పట్టినప్పుడు గానీ నాకు తెలిసిరాలేదు, ఆమెతో పాటు మా కుట్టును కూడా పూడ్చి వచ్చామని.

పేడతో అలికిన నేల మీద గుడ్డ పరిస్తే నిలవదు. గీత వంకరపోతుంది. అయినా తంటాలు పడి, ఆది ఎంతుందో అంతే కత్తిరించి కుట్టాను. ఒక్క రవిక కూడా ఒక్క మనిషికీ పట్టలేదు. పూజారి భార్య హారతికి చెయ్యెత్తితే చంకలో పర్రుమని చినిగింది. కరణంగారి కోడలికి గుండీ ఎగిరి చారు గిన్నెలో పడింది. ఇంకొకామె తొడుక్కున్నది మళ్ళీ ఊడిరాక, నలుగురు పట్టి లాగాల్సి వచ్చింది.

ఆది తెచ్చి కొత్త రవిక మీద పెట్టి చూపించాను. అచ్చంగా అంతే ఉంది. మనిషి మీద పెడితే లేదు. మీరే ఒళ్ళు చేశారమ్మా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది గానీ, ఎదుటివాళ్ళ కళ్ళు చూసి మింగేశాను. అయినా ఇదే ఆదితో మొన్నటిదాకా ఎస్తేరమ్మ కుట్టింది సరిపోలేదా? తప్పు నా చేతిలోనే ఉండాలి.

ఊరు మాత్రం ఇంకోలా తేల్చింది. చౌడమ్మ, అంటే నేను, గుడ్డ దొంగిలిస్తోందట. కంట్రోలు రోజుల్లో గుడ్డ దొంగ అనిపించుకోవడం బంగారం దొంగ అనిపించుకోవడం కంటే అధ్వాన్నం. బావి దగ్గర నేను పోతే మాటలు ఆగిపోయేవి. పని రావడం తగ్గింది. మా ఆయన మెత్తగా, “మా అన్న ఇంటికి పోదామా?” అన్నాడు. వాళ్ళన్న భార్య సంగతి నాకు తెలుసు. ఆమె పెట్టే అన్నం కంటే అనే మాటలు ఎక్కువ. ఆ రాత్రి నేను బాగా ఏడ్చాను.

అట్లాంటప్పుడు సెట్టెమ్మ కబురు పెట్టింది. ఆమె కూతురు రత్నం పెళ్ళి. డోన్‌లో ధాన్యం వర్తకుల ఇంటికి ఇస్తున్నారు. పెళ్ళిలో తను తొడగడానికి, యుద్ధానికి ముందెప్పుడో కొని పెట్టెలో దాచుకున్న పట్టు గుడ్డ తీసి అరుగు మీద పెట్టింది. అట్లాంటిది మళ్ళీ కావాలన్నా దొరకదు. పక్కనే ఆది. అందులో సెట్టెమ్మ చెయ్యి ఒక్కటి దూరితే గొప్ప.

“ఎస్తేరమ్మ మొగం చూసి నీకిస్తాండా” అంది సెట్టెమ్మ. “ఈసారి గుడ్డ తగ్గిందో, నీ మిషను ఈ ఊళ్ళో ఇంగ తిరగదు. తెల్సిందా?”

ఇంటికొచ్చి ఆలోచించాను. ఆమెకు సరిపోయి నాకు సరిపోనిది ఏదైనా ఉందంటే అది బండే. ఆ గాట్లలోనే ఏదో లెక్క ఉండాలి. బండ తెచ్చుకుందాం రా అని మా ఆయనతో అంటే ఆయన మంచం మీద నుంచి లేచి నిలబడ్డాడు.

“సమాధి మీద రాయి పీకుతావా? అవ్వ లేసి కూచుంటాది!”

బండ రాకపోతే గుడ్డే బండ దగ్గరికి పోవాలి. పెళ్ళి గుడ్డను సమాధి మీద పరిచానని తెలిస్తే సెట్టెమ్మ నా తోలు వలిచి చెప్పులు కుట్టిస్తుంది. అందుకని ఎండ మండిపోయే వేళ, ఊరంతా తలుపులేసుకుని పడుకున్నప్పుడు పోయాను. మా ఆయన తోడొచ్చాడు. తోడంటే గోడ అవతలి వరకే. అక్కడ గొడుగు కింద కూర్చుని, కాసేపటికొకసారి “ఉండావా?” అని అరిచేవాడు. “ఉండా” అని నేను అరవాలి. లేకపోతే పరిగెత్తేవాడే, నా వైపు కాదు, ఊరివైపు.

బండ తుడిచి గుడ్డ పరిచాను. నాలుగు మూలలా రాళ్ళు పెట్టాను. ఆది పెట్టి, దాని అంచు వెంబడి నా అలవాటు ప్రకారం ఒకే గీత సాగదీసి గీశాను. ఇంతలో గోడ అవతల నుంచి కేక. నా జవాబు వినబడలేదేమో, మళ్ళీ కేక. విసుగొచ్చి గోడ దాకా పోయి, బతికే ఉన్నానని ముఖం చూపించి వచ్చాను.

గీత ఆదికి రెండు వేళ్ళ అవతల ఉంది.

ఎండకు కళ్ళు చెదిరాయనుకున్నాను. వంగి చూశాను. రాళ్ళు పెట్టిన చోటే ఉన్నాయి. ఆది కదల్లేదు. నేను గీసిన గీత చెరిపిన మరక కూడా లేదు. పైగా ఈ గీత తునకలు తునకలుగా ఉంది.

తోటలో నేను తప్ప ఎవరూ లేరు. గోడ దగ్గర నుంచి బండ కనబడుతూనే ఉంది. నేను వీపు తిప్పింది మా ఆయనతో మాట్లాడినంతసేపే. పైట చెంగుతో ఆ గీతను దులిపేసి, మళ్ళీ ఆది వెంబడి గీశాను. ఈసారి కదలకుండా కూర్చుని దాన్నే చూశాను. ఏమీ కాలేదు. కాసేపటికి రోడ్డు వైపు నుంచి సుడిగాలి ఒకటి దుమ్ము లేపుకుంటూ వచ్చింది. గోడ అవతల మా ఆయన తనకు తెలిసిన దేవుళ్ళనందరినీ పిలిచాడు. నేను గుడ్డ మీద పడి కళ్ళు మూసుకున్నాను. గాలి పోయాక లేచి చూస్తే మళ్ళీ రెండు వేళ్ళు అవతల, అవే తునకలు.

నిజం చెప్పొద్దూ, నాకు భయం వేయలేదు. ఒళ్ళు మండింది. “అవ్వా, నువ్వు పోయినావు, కత్తెర నాకిచ్చినావు. ఇంగ నన్ను కత్తిరించుకోనీ” అని బండతో గట్టిగానే అన్నాను. ఎవరితో మాట్లాడుతున్నావే అని గోడ అవతల నుంచి ఏడుపు గొంతు. నీతో కాదులే అన్నాను. అంతే, ఆయన చెప్పుల చప్పుడు ఊరివైపు పోయింది.

ఒంటరిగా ఆ గుడ్డ ముందు కూర్చున్నాను. ఆది ప్రకారం కత్తిరిస్తే ఏమవుతుందో ఊరంతా చూశారు. ఇంతకంటే పోయేదేముంది అనిపించింది. తునకల గీత మీదే కత్తెర పెట్టాను.

రవిక కుట్టి సెట్టెమ్మ అరుగు మీద పెట్టాను. పసుపునీళ్ళు చల్లి లోపలికి తీసుకుపోయింది. వీధి ఆడవాళ్ళందరూ తమాషా చూడడానికి చేరారు. తలుపు తీసుకుని సెట్టెమ్మ బయటికొచ్చి, రెండు చేతులూ పైకెత్తి, అటూ ఇటూ తిరిగింది. ఎక్కడా పర్రుమనలేదు.

“సూడండే” అంది అందరితో. “నా పెండ్లినాటి ఆదికి కుట్నాది. ఈపొద్దుకీ అంతే ఉండా.”

ఆ సాయంత్రమే మా గడప ముందు గుడ్డలు కట్టలు కట్టలుగా పడ్డాయి. గుడ్డ దొంగ అన్న నోళ్ళే ఎస్తేరమ్మ చెయ్యి చౌడమ్మకు వచ్చేసిందన్నాయి. ప్రతి గుడ్డనూ నేను చాటుగా సమాధుల తోటకు మోసుకుపోయేదాన్ని. ఆది పెట్టి గీత గీయడం, ముఖం అటు తిప్పుకోవడం, మళ్ళీ చూడడం. కొందరికి ఒక వేలు, కొందరికి మూడు. కరణంగారి కోడలికి ఎంతో చెప్తే బాగుండదు. రోజూ సమాధి దగ్గర కూర్చోవడం చూసి చర్చి అయ్యగారు నేను మతం పుచ్చుకుంటానేమోనని మురిసిపోయి ప్రార్థన కూడా చేశారు. గురువు మీద ఎంత భక్తి అని ఊరు మెచ్చుకుంది. మా ఆయన మాత్రం రవిక అనే మాట వింటేనే వణికేవాడు.

ఇట్లాంటివి ఎంతకాలం దాగుతాయి? మేకలు కాసే ముసలమ్మ ఒకతె సమాధి పక్కన పట్టు పీలికలు చూసింది. చూసినదాన్ని చూసినట్టే ఊళ్ళో పంచిపెట్టింది.

మరుసటి మధ్యాహ్నం నేను ఎవరిదో గుడ్డ పరుచుకుని కూర్చున్నాను. గోడ అవతల మా ఆయన ఏదో అరిచాడు, సగంలో ఆగిపోయాడు. తలెత్తితే సెట్టెమ్మ. ఒక్కతే, రొప్పుతూ, చంకలో మూట పెట్టుకుని గేటు తోసుకుని వస్తోంది. పట్టపగలు, పెళ్ళి పెట్టుకున్న ఇంటి మనిషి, సమాధుల మధ్య. మిషను పోయింది, ఊరు పోయింది, బావగారింటి అన్నమే గతి అనుకున్నాను.

ఆమె నా వైపు చూడలేదు. బండ మీది గుడ్డను, దాని మీది గీతను చూసింది. వంగి వేలు పెట్టి చూసింది.

“ఇది ఆయమ్మ గీతే కదా?” అంది.

తల ఊపాను.

“ఇన్నేండ్లూ రవిక వచ్చినప్పుడల్లా ఇంట్లో తలుపేసుకోని, ఆది పక్కన పెట్టి సూసుకుంటాండా” అంది సెట్టెమ్మ మెల్లగా. “నేను లావైనానని నాకు తెల్దా? అద్దం లేదా మా ఇంట్లో? ఆయమ్మ సెప్పకుండా కుట్టిచ్చేది, నేను అడక్కుండా తొడుక్కునేదాన్ని. ఆయమ్మకు నా బువ్వ ముద్దలన్నీ తెల్సు. ఒక్కనాడు కూడా ఒక్క మాటనలేదు. నేనేమో ఆయమ్మను అరుగు దాటనీలేదు.”

ఆమె కళ్ళు తుడుచుకుంది. నాకు ఏం చేయాలో తోచక బండ మీది దుమ్ము దులిపాను.

“నువ్వు నోరు మూసుకో. నేనూ మూసుకుంటా. మేకల ముసిల్దాని నోరు నేను సూసుకుంటా” అని, మూట విప్పి ఎర్రటి పట్టు గుడ్డ తీసింది. రత్నం పెళ్ళి రవికది. దాని మీద రత్నం ఇప్పుడు తొడిగే చిన్న రవిక పెట్టింది. “ఈడ గియ్యి.”

రత్నం మహా బక్కపిల్ల. ఊదితే ఎగిరిపోయేది. డోన్ వియ్యపురాలు వంటింటి తాళంచెవి మొలలో దోపుకుని తిరుగుతుందని, కోడళ్ళకు బువ్వ తనే కొలిచి పెడుతుందని ఊళ్ళో అనుకునేవాళ్ళు. మాట ఇచ్చేశాక తెలిసింది సెట్టెమ్మకు. ఆ దిగులు ఎవరికీ చెప్పుకోలేకపోయింది. అప్పుడు చెప్పింది, నాకు కాదు, బండకు. “ఎస్తేరమ్మా, నా బిడ్డ ఆడ కడుపుకింత తింటాదా? నువ్వు ఆకలి తెల్సినదానివి. నువ్వు సెప్పు.”

నేను గీత గీశాను. ఇద్దరం తుమ్మచెట్ల వైపు తిరిగి నిలబడ్డాం. సెట్టెమ్మ నా చెయ్యి పట్టుకుంది. చెమటతో తడిగా ఉంది ఆ చెయ్యి. పసుపునీళ్ళు చల్లే మనిషి నన్ను పట్టుకోవడం అదే మొదలు. గాలి కూడా లేదు.

తిరిగి చూస్తే గీత నాలుగు వేళ్ళు అవతల ఉంది. తునకలు తునకలుగా.

సెట్టెమ్మ పక్క సమాధి మీద కూలబడిపోయింది. “తింటాదంట! నా బిడ్డ బాగా తింటాదంట, చౌడమ్మా!” అని ఒకపక్క నవ్వుతూ ఒకపక్క ఏడ్చింది. నేనూ ఏడ్చాను. గోడ అవతల మా ఆయన ఎందుకో తెలియకుండానే అందుకున్నాడు.

పెళ్ళినాటికి ఆ రవిక రత్నానికి గోనెసంచిలా ఉండకూడదని లోపల మడతలు పెట్టి కుట్టాను. తొలికాన్పుకు పుట్టింటికి వచ్చినప్పుడు ఆ పిల్ల గుమ్మంలో బండి దిగుతుంటే నేను గుర్తుపట్టలేదు. బుగ్గలు, భుజాలు, అంతా నిండుగా ఉంది. మడతలన్నీ విప్పితే రవిక అతికినట్టు సరిపోయింది. అత్త గురించి అడిగితే, వంటింటి తాళం ఉన్న మాట నిజమే గానీ తన వాటా కూడా నాకే పెడుతుందమ్మా అని చెప్పింది.

నేనే తెలియకుండా గీశానేమో అని చాలాసార్లు అనుకున్నాను. నా చేతికి ఆ తునకల గీత ఈనాటికీ రాదు. ఎన్నిసార్లు ప్రయత్నించినా సాగిపోతుంది. చనిపోయినవాళ్ళు తీర్పు రోజు దాకా నిద్రపోతారని, సుద్దముక్కలు పట్టుకోరని అయ్యగారు ఖండితంగా చెప్పారు. మా ఆయన దగ్గర మాత్రం బోలెడు జవాబులున్నాయి, అందులో రెండింట్లో మా అత్తగారి పుట్టింటివాళ్ళు కూడా ఉన్నారు. నాకు ఒక్కటీ మనసుకు పట్టదు. అది ఎవరు గీశారో నేను చెప్పలేను.

ఊళ్ళో అందరి ఆదులూ ఆ బండ మీద పెట్టాను. నాది మాత్రం ఇప్పటిదాకా పెట్టలేదు. దయ్యాలంటే భయం కాదు, వాటిని నేను నమ్మను. అవతలికి జరిగితే పరవాలేదు, నవ్వుకుంటాను. ఇవతలికి జరిగి, రేపు చిక్కిపోతానంటేనే ఏం చేయాలో తెలియదు.